దిద్దిన పేపర్లు ఆలస్యమైతే బడిని ఎలా అడగాలి, ఈలోగా ఇంట్లో ఏం చేయాలి

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఘాతాంకాల మీద 20 మార్కులకు ఒక పరీక్ష రాసింది. మూడో వారంలో తరగతిలో మార్కులు చదివి వినిపించారు. "నాన్నా, 14 వచ్చాయట, పేపరు మాత్రం ఇంకా ఇవ్వలేదు" అని చెప్పింది. పేపరు చేతికి వచ్చేసరికి అయిదు వారాలు గడిచాయి. చూస్తే పోయిన ఆరు మార్కులూ ఒకే పొరపాటు వల్ల పోయాయి. 2³ × 2⁴ విలువ 2⁷ కావలసి ఉండగా, ఘాతాంకాలను కూడడానికి బదులు గుణించి 2¹² అని రాసింది. ఈ అయిదు వారాల్లో తరగతి తరవాతి పాఠమైన ప్రామాణిక రూపంలోకి వెళ్లిపోయింది, ఆమె అక్కడ కూడా 10³ × 10⁵ ను 10¹⁵ అని రాసుకుంటూ పోయింది. నోటుపుస్తకంలో అటువంటి లెక్కలు పదకొండు లెక్కపెట్టాను.

ఆ ఆలస్యం మీద బడికి నేను రెండు ఉత్తరాలు రాశాను. మొదటిది కోపంతో రాసిన పేజీన్నర ఉత్తరం, ఇంత ఆలస్యం ఎందుకవుతున్నదని అందులో అడిగాను. దానికి రెండు వాక్యాల మర్యాదైన జవాబు వచ్చింది కానీ పేపరు రాలేదు. వారం తరవాత రాసిన రెండోది నాలుగు వాక్యాలే, మర్నాడే పేపరు ఇంటికి వచ్చింది. కారణం అడిగినవాడికి కారణం దొరికింది, పేపరు అడిగినవాడికి పేపరు దొరికింది. అప్పటి నుంచి ఈ విషయంలో నేను నేర్చుకున్నదీ, బోధనావృత్తిలో ఉన్న బంధుమిత్రులు చెప్పగా తెలుసుకున్నదీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఆలస్యం ఎక్కడ పుడుతుందో ముందు తెలుసుకోండి

ఉత్తరం రాసే ముందు ఒక చిన్న గుణకారం చేయడం మంచిది. అయిదు సెక్షన్లకు పాఠం చెప్పే ఉపాధ్యాయునికి సెక్షనుకు 40 మంది చొప్పున 200 పేపర్లు వస్తాయి. ఒక్కో పేపరుకు ఆరు నిమిషాలు పట్టినా 1,200 నిమిషాలు, అంటే 20 గంటలు అవుతుంది. అదే వ్యాసమైతే పేపరుకు 12 నిమిషాలు పట్టి 40 గంటలకు చేరుతుంది. పీరియడ్లు, పర్యవేక్షణ, సమావేశాలు పోగా బడి సమయంలో ఈ పనికి మిగిలేది తక్కువ కాబట్టి పేపర్ల కట్టలు ఇంటికి వెళతాయి. రోజుకు రెండు గంటలు కూర్చున్నా మామూలు పరీక్షకు పది సాయంత్రాలు, వ్యాసానికి ఇరవై సాయంత్రాలు కావాలి. అందువల్ల పేపరు రెండు వారాలకు వస్తే అది నిర్లక్ష్యం కాదని నా అభిప్రాయం. నాలుగు వారాలు దాటితే మాత్రం ఎవరి కష్టం ఎంతటిదైనా ఆ పేపరు పిల్లవాడికి అక్కరకు వచ్చే కాలం చాలావరకు దాటిపోతుంది కనుక అడగడంలో తప్పు లేదు.

బయటివారికి కనిపించని కారణాలు మరికొన్ని ఉన్నాయి. జాగ్రత్తగా దిద్దే ఉపాధ్యాయులు చాలామంది ఒక పేపరును మొదటి నుంచి చివరి వరకు ఒకేసారి దిద్దరు. అందరి మొదటి ప్రశ్నలూ అయ్యాక అందరి రెండో ప్రశ్నలూ అన్నట్టు ప్రశ్నల వారీగా దిద్దుతారు. ఇలా చేస్తే ముందు దిద్దిన పేపరుకు ఒక కొలత, అలసటలో దిద్దిన పేపరుకు ఇంకొక కొలత పడకుండా ఉంటుంది, కాకపోతే చివరి ప్రశ్న అయ్యేదాకా ఏ ఒక్క పేపరూ పూర్తి కాదు. సగం పేపర్లైనా ఇచ్చేయవచ్చు కదా అన్న మన ప్రశ్నకు జవాబు ఇదే. పరీక్ష రోజున రాని విద్యార్థి అదే ప్రశ్నపత్రాన్ని తరవాత రాయవలసి ఉంటే, అతను రాసేదాకా దిద్దిన పేపర్లు బీరువాలోనే ఉంటాయి. వేర్వేరు సెక్షన్లను వేర్వేరు ఉపాధ్యాయులు దిద్దినప్పుడు మార్కులను సరిపోల్చుకోవడానికి మరికొన్ని రోజులు పడతాయి.

ఇంగ్లండులో ఉపాధ్యాయుల పనిభారంపై ఏర్పాటైన ఒక స్వతంత్ర బృందం 2016లో ఇచ్చిన నివేదికలో, దిద్దడం అర్థవంతంగా ఉండాలనీ, ఉపాధ్యాయుడు మోయగలిగినంత ఉండాలనీ, విద్యార్థికి ఉత్సాహం కలిగించాలనీ సూచించింది. పేపరు నిండా ఎర్ర సిరా కనిపిస్తేనే బాగా దిద్దినట్టని భావించే అలవాటును కూడా ఆ నివేదిక తప్పుపట్టింది. ఆ అలవాటులో తల్లిదండ్రులమైన మనకూ వాటా ఉంది. ప్రతి పేజీలో వ్యాఖ్యలు కావాలని అడిగేదీ మనమే, మూడు రోజుల్లో పేపర్లు ఇవ్వాలని కోరేదీ మనమే.

ఏది కావాలో ముందు మనమే తేల్చుకోవాలి

"పేపర్లు ఇంకా రాలేదు" అన్న ఒక్క ఫిర్యాదు వెనుక మూడు వేర్వేరు అవసరాలు ఉండవచ్చు, అడిగే తీరు వాటిని బట్టి మారుతుంది. పిల్లవాడు ఎక్కడ తప్పు చేశాడో తెలుసుకోవడం వాటిలో మొదటిది. ఒక గడువులోగా మార్కులు కావలసి రావడం రెండోది. ఉపకారవేతనానికి దరఖాస్తు చేయాలన్నా, పై తరగతికి సబ్జెక్టులు ఎంచుకోవాలన్నా మార్కులు ఫలానా తేదీకి అందాలి. మూడోది కేవలం మన ఆందోళన. పక్క సెక్షను వాళ్లకు వచ్చాయనీ మనకు రాలేదనీ కలిగే అసహనం ఈ మూడో రకానిది. అది సహజమే, అయినా దాన్ని ఉత్తరంలో పెట్టవద్దని నా సలహా.

మొదటి అవసరానికి మార్కులు అక్కరలేదు, పేపరు కావాలి. పేపరు సిద్ధంగా లేకపోయినా, ఏ ప్రశ్న తప్పిందో చెప్పే ఒక్క వాక్యం చాలు. ఈ తేడా గమనిస్తే మీరు అడిగే కోరిక చిన్నదవుతుంది, చిన్న కోరిక తీర్చడానికి ఉపాధ్యాయునికీ అభ్యంతరం ఉండదు. మార్కులు కట్టాలంటే 200 పేపర్లూ పూర్తి కావాలి, మీ పిల్లవాడి నాలుగో ప్రశ్న చూసి చెప్పాలంటే రెండు నిమిషాలు చాలు. తరగతి గదిలోని చిన్న పరీక్షల విషయంలో, జవాబు తప్పో ఒప్పో వెంటనే తెలిసినప్పుడు ఆలస్యంగా తెలిసినప్పటికంటే మెరుగైన ఫలితాలు వస్తున్నాయని, అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కలిపి చూసి జేమ్స్ కులిక్, చెన్-లిన్ కులిక్ 1988లోనే తేల్చారు. మీరు త్వరగా కోరవలసింది ఆ తప్పొప్పుల సమాచారమే.

అడిగే ముందు ఇంట్లో చూసుకోవలసినవి

ఇది చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెప్పక తప్పదు. ఇవ్వలేదనుకున్న పేపరు సంచీ అడుగున నలిగిపోయి దొరికిన ఇళ్లు నాకు తెలుసు. తక్కువ మార్కులు వచ్చిన పేపరును పిల్లలు తల్లిదండ్రులకు చూపకపోవడం కొత్త విషయం కాదు. ప్రాజెక్టు అయితే సమర్పించిన తేదీ, పేరు రాశారా లేదా, ఆన్‌లైన్‌లో పెట్టిన ఫైలు పూర్తిగా చేరిందా అన్నవి చూడాలి. తోటి విద్యార్థులలో ఒకరిద్దరిని కనుక్కుంటే, ఆలస్యం తరగతి మొత్తానిదో మీ ఒక్క పేపరుదో తెలిసిపోతుంది. మీ ఒక్కరిదే అయితే అది ఆలస్యం కాదు, పేపరు ఎక్కడో తప్పిపోయిందన్న మాట, అప్పుడు రెండు వారాలు ఆగకుండా ఆ రోజే అడగాలి.

బడి యాప్‌లోనో పోర్టల్‌లోనో మార్కులు చూసేవారు మరొక విషయం జాగ్రత్తగా గమనించాలి. ఇంకా దిద్దని పనికి కొన్ని చోట్ల ఖాళీ గడి కనిపిస్తుంది, కొన్ని చోట్ల సున్నా కనిపిస్తుంది. రెండు పరీక్షల్లో 20కి 18, 17 తెచ్చుకున్న పిల్లవాడి సగటు 87.5 శాతం. దిద్దని మూడో పరీక్షను సున్నాగా లెక్కిస్తే 60కి 35 అయి, అదే సగటు 58.3 శాతానికి పడిపోతుంది. రాత్రి పదింటికి ఆ అంకె చూసి పిల్లవాడిని నిలదీసిన తరవాత, మర్నాడు అది దిద్దని పేపరని తెలిస్తే అన్న మాట వెనక్కి తీసుకోవడం కష్టం. అటువంటి సున్నా కనిపిస్తే పేపరు ఎప్పుడు ఇస్తారని అడగకండి. దిద్దేవరకు ఆ గడిని ఖాళీగా ఉంచగలరా అని విడిగా అడగండి. ఇది చాలావరకు ఒక చిన్న అమరికతో తీరే సమస్య.

ఎవరు, ఎప్పుడు, ఏ మాటలతో అడగాలి

పిల్లలు ఆరేడు తరగతులు దాటినవారైతే ముందు వాళ్లనే అడగనివ్వాలి. తరగతి మధ్యలో కాకుండా పీరియడ్ అయ్యాక దగ్గరికి వెళ్లి, "మేడమ్, నాలుగో లెక్క నేను చేసిన పద్ధతి సరైనదో కాదో ఒక్కసారి చూస్తారా? వచ్చే వారం పరీక్షలో అలాంటివే ఉన్నాయి" అని అడగడం ఇంట్లో ఒకసారి పలికించి చూడండి. "మా పేపర్లు ఎప్పుడిస్తారు మేడమ్?" అని ఆ రోజుకు ముప్పైమంది అడిగి ఉంటారు. నాలుగో లెక్క గురించి అడిగినది బహుశా మీ పిల్ల ఒక్కతే అవుతుంది.

దానికి ఫలితం లేకపోతే మీరు రాయండి. బడి డైరీలోనో, బడి ఒప్పుకున్న మెయిల్ లేదా యాప్ ద్వారానో సబ్జెక్టు ఉపాధ్యాయునికే నేరుగా రాయాలి. మొదటి ఉత్తరమే ప్రధానోపాధ్యాయునికి పంపితే ఆ ఉపాధ్యాయునికి మీరు కనీసం ఒక అవకాశం కూడా ఇవ్వలేదన్న భావన మిగులుతుంది. ఉపాధ్యాయుని సొంత ఫోనుకు రాత్రిపూట సందేశాలు పంపడం, వారాంతపు సెలవులో గుర్తుచేయడం, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ప్రస్తావించి పదిమంది చేత వంత పాడించడం పనికి అడ్డుపడతాయి. గ్రూపులో రాసినది సాయంత్రానికల్లా బడికి చేరుతుంది, అదీ మీరు రాసిన మాటల్లోనే చేరుతుందన్న నమ్మకం లేదు.

నా రెండో ఉత్తరం దాదాపు ఇలా ఉంది:

"గౌరవనీయులైన గణిత ఉపాధ్యాయిని గారికి నమస్కారం. మా అమ్మాయి గత నెల రాసిన ఘాతాంకాల పరీక్షలో 14 మార్కులు వచ్చాయని తెలిసింది, ఎక్కడ తప్పులు జరిగాయో తెలిస్తే వచ్చే సోమవారం జరిగే ప్రామాణిక రూపం పరీక్షలోగా ఇంట్లో సాధన చేయించాలని అనుకుంటున్నాను. పేపరు ఒక్క రోజు ఇంటికి పంపితే సంతకం చేసి మర్నాడే తిరిగి పంపిస్తాను. అది వీలుకాకపోతే ఏ ప్రశ్నలు తప్పాయో డైరీలో అంకెలు వేసి పంపినా మాకు సరిపోతుంది."

ఇందులో ఆలస్యం అన్న మాట ఎక్కడా లేదని మీరు గమనించే ఉంటారు. ఎందుకు కావాలో ఉంది, ఎప్పటిలోగా కావాలో ఉంది, ఇవ్వలేకపోతే అంతకంటే చిన్న పని ఏది చేసినా చాలునో కూడా ఉంది. ఆ మూడో అంశమే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం, ఎందుకంటే మొత్తం పేపర్ల పని తేలకపోయినా వెంటనే ఇవ్వగలిగినది ఒకటి ఆమెకు దొరికింది. గడువు కోసం రాసేవారు దరఖాస్తు చివరి తేదీని మొదటి వాక్యంలోనే రాసి, తాత్కాలిక మార్కులైనా సంతకంతో ఇవ్వగలరా అని అడగాలి. ఇటువంటి ఉత్తరం చివరి తేదీకి కనీసం పది రోజుల ముందు చేరాలి. చివరి రోజున చేరితే, ఆలస్యం మన వల్ల కూడా జరిగినట్టే.

అయిదు పనిదినాలు చూసి జవాబు లేకపోతే అదే ఉత్తరాన్ని ప్రస్తావిస్తూ రెండు వాక్యాల్లో గుర్తుచేయండి. దానికీ స్పందన లేకపోతే తరగతి ఉపాధ్యాయుడినో, ఆ సబ్జెక్టు బాధ్యతలు చూసే సీనియర్‌నో కలవాలి, ఆ తరవాతే ప్రధానోపాధ్యాయుని గది. అక్కడికి వెళ్లేనాటికి మీ చేతిలో తేదీలతో కూడిన ఒక చిన్న కాగితం ఉండాలి: పరీక్ష ఎప్పుడు జరిగింది, మార్కులు ఎప్పుడు చెప్పారు, మీరు ఎప్పుడెప్పుడు రాశారు, తరవాతి పరీక్ష ఎప్పుడు. "ఎప్పుడూ ఇంతే", "ఏనాడూ సమయానికి ఇవ్వరు" అన్న మాటలను ఎదుటివారు ఒకే ఒక్క ఉదాహరణతో కొట్టిపారేయగలరు, తేదీలను కొట్టిపారేయలేరు.

ఆలస్యం ఒక ఉపాధ్యాయునిది కాకుండా బడి అంతటిదీ అయితే ఒకరొకరుగా అడగడంవల్ల ప్రయోజనం లేదు. తల్లిదండ్రుల సమావేశంలో ఇద్దరు ముగ్గురు కలిసి, ఏ రకమైన పనికి ఎన్ని రోజుల్లో పేపర్లు ఇస్తారో బడి ఒక నియమంగా ప్రకటించాలని కోరవచ్చు. చిన్న పరీక్షకు వారం, పెద్ద పరీక్షకు రెండు వారాలు, ప్రాజెక్టుకు మూడు వారాలు అన్నది నాకు న్యాయంగా తోచే కొలత. ఒక సెక్షనులో ఒకే వారంలో మూడు సబ్జెక్టుల పరీక్షలు పెట్టకుండా చూడమనడం, కొన్ని చిన్న పరీక్షలను తరగతిలోనే జవాబులు చెప్పి విద్యార్థులు ఒకరి పేపరు ఒకరు దిద్దుకునేలా చేయమనడం ఇంకా మంచి కోరికలు, ఎందుకంటే ఇవి ఉపాధ్యాయుని మీది బరువును కూడా తగ్గిస్తాయి.

ఒక్క జాగ్రత్త. ఈ వ్యవహారమంతా నడుస్తున్నన్నాళ్లూ పిల్లల ముందు ఆ ఉపాధ్యాయుడిని తక్కువ చేసి మాట్లాడకూడదు. "ఆయన సరిగా దిద్దడు" అని భోజనాల దగ్గర విన్న పిల్లవాడు, రేపు ఆ ఉపాధ్యాయుడు ఎత్తిచూపిన తప్పును కూడా లెక్కచేయడు.

పేపరు వచ్చేలోగా

అందరూ వదిలేసే పని ఇదే, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. పరీక్ష జరిగిన రోజు సాయంత్రం ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, పిల్లవాడు తాను రాసిన జవాబును గుర్తున్నంతవరకు మళ్లీ రాయాలి. పూర్తిగా అక్కరలేదు, లెక్కలైతే మెట్లు, వ్యాసమైతే ముఖ్యాంశాలు చాలు. ఆ తరవాత పుస్తకం తెరిచి సరిచూసుకుని, ప్రతి ప్రశ్న పక్కన తనకు ఎన్ని మార్కులు వస్తాయనుకుంటున్నాడో పెన్సిలుతో రాయాలి. గంటలోపు అయిపోయే ఈ పనితో సగం తప్పులు ఆ రోజే బయటపడతాయి. మా అమ్మాయి చేత ఆ రోజే ఈ పని చేయించి ఉంటే, 2³ అంటే 8, 2⁴ అంటే 16, రెండూ గుణిస్తే 128, అది 2⁷ అని తానే కనిపెట్టి ఉండేది. అయిదు వారాల ఆలస్యానికి బడిని తప్పుపట్టిన నేను ఆ ఒక్క గంటా కేటాయించలేదు. ప్రశ్నపత్రాన్ని బడి వెనక్కి తీసుకుంటే, గుర్తున్న ప్రశ్నలను ఇంటికి రాగానే రాసుకోవాలి. మర్నాటికల్లా వాటిలో చాలా మరిచిపోతారు.

వ్యాసాలు, ప్రాజెక్టులు ఇచ్చేముందు ప్రతి పేజీనీ ఫోటో తీసి ఉంచుకోవాలి. పేపరు కనబడకుండా పోయినప్పుడు ఆధారంగా పనికి రావడం దీనివల్ల కలిగే చిన్న లాభం. వారం తరవాత తన వ్యాసాన్ని తానే చదువుకున్న పిల్లవాడికి, రాసేటప్పుడు కనిపించని లోపాలు కనిపిస్తాయి, అది పెద్ద లాభం.

పేపరు చేతికి వచ్చిన రోజు

పైనున్న మార్కుల అంకె మీద కాగితం ముక్క కప్పి, ముందు వ్యాఖ్యలు చదివించండి. రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో, కేవలం వ్యాఖ్యలు అందుకున్న విద్యార్థులు తరవాతి పనిలో మెరుగుపడ్డారు, మార్కులు మాత్రమే అందుకున్నవారిలో గానీ మార్కులూ వ్యాఖ్యలూ కలిపి అందుకున్నవారిలో గానీ ఆ మెరుగుదల కనిపించలేదు. అంకె కంటబడ్డాక పక్కనున్న మాటలు చదివే ఓపిక పెద్దవాళ్లకే ఉండదు.

తప్పులను ప్రశ్నల వారీగా కాకుండా రకాల వారీగా విడదీయాలి. తెలియక తప్పినవి, తెలిసీ తొందరలో తప్పినవి, ప్రశ్న సరిగా చదవక తప్పినవి, సమయం చాలక వదిలేసినవి వేర్వేరు. మొదటి రకానికి పాఠం మళ్లీ చెప్పించాలి. మిగిలిన మూడింటికీ ట్యూషను పెట్టించడం డబ్బు దండగ. పరీక్ష రోజు పెన్సిలుతో రాసుకున్న అంచనా మార్కులను ఇప్పుడు పక్కన పెట్టి చూస్తే, తనకు వచ్చనుకుని పోగొట్టుకున్న ప్రశ్నలు తెలుస్తాయి. ముందుగా కూర్చోవలసింది వాటి దగ్గరే.

మార్కుల కూడికను కూడా ఆ రోజే సరిచూడాలి. తేడా ఉంటే పేపరుతో సహా రెండు రోజుల్లో పిల్లవాడి ద్వారానే తెలియజేయాలి. కూడికలో ఎక్కువ వేసిన సందర్భమైనా సరే చెప్పించాలి. మా అమ్మాయి అలా ఒకసారి రెండు మార్కులు పోగొట్టుకుని, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. సంతకం చేసి పేపరు తిరిగి పంపే ముందు అన్ని పేజీలూ ఫోటో తీసుకోవడం మరవకండి, ఎందుకంటే వార్షిక పరీక్షల ముందు అదే పేపరు మళ్లీ కావాలంటే ఈసారి దాన్ని వెతకవలసింది బడి బీరువాలో.